‘నువ్వు’ అన్నందుకు ఆపేసిన ప్రయాణం

మారిషస్ దీవిలో, వకోవా ఊళ్ళోని మా కాలేజీ నుంచి ఏటా ఒకరిద్దరు పిల్లల్ని ఏడాది చదువుకి ఆంధ్రకి పంపేవాళ్ళం. ఆ పని చూసింది నేనే. దానికి ఇంగ్లీషులో లైను పొడుగు పేరొకటి ఉండేది గాని ఎవరి నోటా పలికేది కాదు. పిల్లలు ‘లబా’ అనేవాళ్ళు. మా దీవి జనం మాట్లాడే క్రియోల్‌లో లబా అంటే అక్కడ, ఆ దూరాన అని. “ఈసారి లబా ఎవరెళ్తున్నారు మిస్యే?” అని వరండాలో పట్టుకుని అడిగేవాళ్ళు. మిస్యే అంటే అయ్యా అని. ఇంగ్లీషువాళ్ళ పాలన ఆఖరి రోజుల్లో మొదలైన ఏర్పాటది. మారిషస్‌కి స్వాతంత్ర్యం వచ్చాక మూతపడింది.

ఇప్పుడు ఇలాంటి పనిలోకి కొత్తవాళ్ళు వస్తున్నారు. మొన్న ఇద్దరు మా ఇంటికొచ్చి, మీ అనుభవాలు రాసిపెట్టండి, మాకు పనికొస్తాయి అన్నారు. ఎంతమందిని పంపాను, వాళ్ళలో ఎవరెవరు పెద్దవాళ్ళయ్యారు, ఇవి చెబుతాననుకున్నట్టున్నారు. అవన్నీ కాలేజీ సావనీర్లలో ఫోటోలతో సహా ఉన్నాయి. నాకు రాయాలనిపించేది పంపినవాళ్ళ గురించి కాదు. పంపకుండా ఆపేసిన ఒక పిల్ల గురించి. చదివాక ఈ ముసలాయన దగ్గరికి ఎందుకెళ్ళామా అనిపిస్తే అనిపించనీ.

పని అంటే ఏమిటి

ఫారాలు నింపడం ఎవరైనా చేస్తారు. అసలు పని భయాలు తీర్చడం. అందులోనూ పిల్లల భయాల కంటే వాళ్ళ తల్లుల భయాలు. ఒకావిడ కర్పూరం, ఊరగాయ జాడీ, రెండు దుప్పట్లు పెట్టెలో సర్ది, చివరికి నా చెయ్యి పట్టుకుని అడిగింది: “అక్కడ మావాడికి పొద్దున్నే రొట్టె దొరుకుద్దా బాబూ?” ఆవిడ ముత్తాతలు అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళే. అయినా మా దీవిలో పొద్దున రొట్టె తినని ఇల్లు లేదు కదా. దొరుకుతుందమ్మా అని అబద్ధమాడాను. ఆ కుర్రాడు మూడు నెలలు ఇడ్లీని తిట్టుకుంటూ ఉత్తరాలు రాశాడు, తర్వాత ఆ తిట్లు ఆగిపోయాయి.

ఇంకొకటి చెబుతాను, ఇది మా ప్రిన్సిపాల్ దొర దగ్గర నేర్చుకున్నది. ఓడ ఎక్కించడానికి కాంపు కాంపంతా రేవుకొస్తుంది. కాంపు అంటే చెరకు ఎస్టేట్‌లో కూలీల ఇళ్ళ వరసలు, మావాళ్ళంతా పుట్టి పెరిగింది అక్కడే. ఆ రోజు మీరు లేకపోయినా ఫర్వాలేదు. తిరిగొచ్చే రోజు మాత్రం రేవులో ఉండండి. ఓడ దిగగానే పిల్లలు నిజం మాట్లాడతారు. రెండు రోజులు పోతే ఇంట్లోవాళ్ళకి నచ్చే కథలు అల్లుకుంటారు. నేను తెలుసుకున్న నిజాలన్నీ పోర్ట్ లూయీ రేవులో, పెట్టెల మీద కూర్చుని విన్నవే.

నువ్వులుండ

ఈ పనికి నన్ను పెట్టింది ఎందుకంటే, మొదటి ఏడు వెళ్ళినవాణ్ణి నేనే. గుంటూరు వైపు ఒక కాలేజీలో వేశారు. తెలుగు నాకు బాగానే వచ్చనుకుంటూ వెళ్ళాను. మొదటివారం క్లాసయ్యాక లెక్చరర్ గారి వెనకాల పరిగెత్తి, “నువ్వు రేపు వస్తావా?” అని అడిగాను. వెనక కుర్రాళ్ళంతా ఊపిరి బిగబట్టారు. ఆయన మంచివాడు, నవ్వి వెళ్ళిపోయాడు. కుర్రాళ్ళు మాత్రం వదల్లేదు. ఆ సాయంత్రానికి హాస్టల్లో నా పేరు ‘నువ్వులుండ’ అయింది. వంటవాడు కూడా అదే పేరుతో పిలిచి అన్నం పెట్టేవాడు.

మా కాంపుల్లో ఒక్క మనిషిని ‘మీరు’ అనడం లేదు. నాన్నని నువ్వు, తాతని నువ్వు, గుళ్ళో పూజారిని నువ్వు. మర్యాద అంతా వరసలో ఉండేది. ముక్కూ మొహం తెలియని ముసలాయనైనా సరే ‘తాతా’ అని పిలిచామంటే, అంతకు మించిన గౌరవం మా దగ్గర లేదు. ‘మీరు’ అంటే మాత్రం నలుగురు.

ఆ సంగతి నాకు తెలుసు. పుట్టుకతో తెలుసు. అయినా హాస్టల్లో పడ్డ సిగ్గు ఎంత లోతుకి దిగిందంటే, తిరిగొచ్చిన రోజు మా అమ్మని “మీరు బాగున్నారా?” అని అడిగాను. అమ్మ వెనక్కి తిరిగి చూసింది, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఇంట్లో అందరూ పడీ పడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వీళ్ళకి ఎప్పటికి మర్యాద వస్తుందో అని విసుక్కున్నాను. ఇరవై ఏళ్ళవాడి పొగరు అది. ఆ తర్వాత లబా వెళ్ళే ప్రతివాడి చేతా నెల రోజులపాటు ‘మీరు’, ‘గారు’ వల్లె వేయించాను. నా సిగ్గుని పాఠంగా మార్చి అందరికీ పంచిపెట్టాను.

పైడమ్మ

స్వాతంత్ర్యానికి ఏడేళ్ళ ముందు సంగతి. ఆ ఏడు ఒక్కటే సీటు. ఆఖరికి ఇద్దరు మిగిలారు. ఒకడు సుబ్రమణ్యం, వకోవాలోనే ఉండే గవర్నమెంటు గుమాస్తాగారి అబ్బాయి. ఇంట్లో క్రియోల్ తప్ప వినలేదు గాని, నేను చెప్పిన పాఠం చెప్పినట్టు అప్పజెప్పేవాడు. రెండోది పైడమ్మ. మహేబోర్గ్ అవతల ఎస్టేట్ కాంపు నుంచి, రెండు బస్సులు మారి కాలేజీకి వచ్చేది. అంత దూరం కావడంతో నా సాయంత్రం పాఠాలకి ఒక్కరోజూ ఉండలేదు. తల్లి లేదు, అవ్వ పెంచింది. ఆ అవ్వకి బజారు మాటలు తప్ప క్రియోల్ రాదు. అందుకని ఇంట్లో అంతా తెలుగే. నిద్ర లేచింది మొదలు తెలుగులో తిట్లు తిని, తెలుగులో కథలు విని పెరిగిన పిల్ల. దీవి మొత్తం మీద ఆ వయసువాళ్ళలో అలా మాట్లాడేవాళ్ళని నేను ఇంకొకర్ని చూడలేదు.

ఆమెకి కావలసింది ఒక్కటే, లబా వెళ్ళొచ్చి తెలుగు టీచరు కావడం. వాళ్ళ నాన్న ఒక షరతు పెట్టాడు. ఈ ఏడు సీటొస్తే వెళ్ళు, రాకపోతే పెళ్ళి. అవ్వ మాత్రం సీటొచ్చేసినట్టే కాంపంతా చెప్పుకుంది.

ఇంటర్వ్యూలో ముగ్గురం కూర్చున్నాం. ప్రిన్సిపాల్ దొర, నేను, ఆంధ్ర నుంచి ఉపన్యాసాలివ్వడానికి వచ్చిన ఒక పండితుడు. పండితుడికి యాభై దాటాయి, జుట్టుకి నల్లగా రంగు. ముందురోజు నాతో మాట్లాడి, “మీ తెలుగు వింటే గుంటూరువాళ్ళే అనుకుంటానండీ” అన్నాడు. ఆ మాట నేను నలుగురికి చెప్పుకున్నాను కూడా.

పైడమ్మ లోపలికి వచ్చేసరికి ఆయన లేచి కిటికీ దగ్గర నిలబడి, వకోవా వానని తిట్టుకుంటూ కండువా దులుపుకుంటున్నాడు. కూర్చోమని దొర కుర్చీ చూపించాడు. ఆ పిల్ల కూర్చోలేదు. పండితుడి వైపు తిరిగి చేతులు కట్టుకుని, “నువ్వు కూకో తాతా. నువ్వు కూకోకండా నానెలాగ కూకుంతాను?” అంది.

నాకు ఆ మాట ఇప్పటికీ అదే గొంతుతో వినిపిస్తుంది. పెద్దాయన నిలబడి ఉంటే తను కూర్చోకూడదు, అదీ ఆమె చెప్పింది. అంతకంటే మర్యాదగా మా కాంపులో పుట్టినవాళ్ళెవరూ మాట్లాడలేరు. పండితుడి చెవిలో పడినవి మాత్రం రెండే మాటలు. ఒకటి ‘నువ్వు’. రెండోది, ఆ రంగేసిన జుట్టుకి మరీ గట్టిగా తగిలింది, ‘తాతా’. మొహం మాడ్చుకుని వచ్చి కూర్చున్నాడు. తర్వాత పైడమ్మ, అవ్వ నేర్పిన దంపుళ్ళ పాట ఒకటి పాడింది. ఆయన కాగితాలు తిరగేస్తూనే ఉన్నాడు.

ఆమె వెళ్ళాక ఇంగ్లీషులో దొరతో అన్నాడు: “పిల్లకి పెద్దాచిన్నా తెలియదు. ఈమెని పంపితే చిన్నతనం మీ కాలేజీకే.”

దొరకి తెలుగు ఒక్క ముక్క రాదు. ఆయన భాషలో నువ్వు, మీరు అనే తేడా కూడా లేదు. నా వైపు తిరిగాడు. “మీరు ఆ భాషవాళ్ళే కదా. ఆ అమ్మాయి తప్పుగా మాట్లాడిందా?”

“వ్యాకరణం ప్రకారం తప్పే సార్” అన్నాను.

“నేనడిగింది వ్యాకరణం కాదు. ఆయన్ని అవమానించిందా?”

చూడండి, ఆయన రెండుసార్లు అడిగాడు. నా వైపు తెరిచిన తలుపది. మా దగ్గర అలాగే అంటాం సార్, నేనూ మా నాన్నని అలాగే అంటాను, అంటే చాలు. అనలేకపోయాను. పక్కన పండితుడు ఉన్నాడు. ఆయన నన్ను గుంటూరువాణ్ణి అనుకుంటున్నాడు. నువ్వులుండ ఎక్కడ బయటపడతాడో అని నా భయం. “ఆంధ్రలో అలాగే అనుకుంటారు సార్” అన్నాను. రెండూ నిజాలే, ఆ రెండు నిజాలతో ఆ పిల్ల ప్రయాణం ఆపేశాను. దొర సుబ్రమణ్యం పేరు రాసి సంతకం పెట్టాడు. చెవులు నావి, సంతకం ఆయనది. తప్పు ఎవరిదో మీకు అర్థమయ్యే ఉంటుంది.

వరండాలో

ఈ పని చేసేవాళ్ళకి ఒక సలహా. సీటు రాలేదని చెప్పడం వరకే చెప్పండి. ఎందుకు రాలేదో మీ ఉక్రోషంలోంచి చెప్పకండి. నేను చెప్పాను.

పైడమ్మ బస్సు వేళ వరకు వరండాలోనే ఉంది. సుబ్రమణ్యం కూడా పక్కనే ఉన్నాడు. నన్ను చూడగానే లేచింది.

“ఏటి తప్పు సేసినాను మిస్యే?”

“పెద్దాయన్ని నువ్వు అన్నావు.”

“మరేటనాల?”

“మీరు అనాలి.”

ఆమె నిజంగానే తెల్లబోయింది. “మీరంటే శానామంది కదా. ఆయనొక్కడే ఉన్నాడు కదా?”

నాకు కోపం వచ్చింది. మా అమ్మ వెనక్కి తిరిగి చూసినప్పుడు వచ్చిన కోపమే. నాగరికులు అలా అనరు అన్నాను.

“సింహాద్రప్పన్నని నువ్వనే మొక్కుతాం. మా అవ్వని నువ్వంటాను. అదీ తప్పేనా మిస్యే?”

“అదీ తప్పే” అన్నాను.

ఇంటర్వ్యూ గదిలో పిరికితనం చేశాను. ఇది మాత్రం పిరికితనం కాదు, క్రూరత్వం. ఎవరూ నన్ను అడగలేదు, బలవంతపెట్టలేదు, పండితుడు కూడా అక్కడ లేడు. ఆ పిల్ల పుస్తకాలు గుండెలకి హత్తుకుని బస్సెక్కింది. మూడు నెలల్లో పెళ్ళయిందని తెలిసింది. మహేబోర్గ్‌లో చేపల వ్యాపారం చేసే కుటుంబంలో ఇచ్చారు. అవ్వని కూడా తనతోనే తీసుకెళ్ళిందట.

గారు గారు

సుబ్రమణ్యం బుద్ధిగా నా పాఠాలన్నీ పెట్టెలో పెట్టుకుని వెళ్ళాడు. అక్కడ రిక్షా అతన్ని గారు అన్నాడు, చాకలిని గారు అన్నాడు, చివరికి రైల్లో ఎవరో పేరడిగితే “నేను సుబ్రమణ్యం గారు” అన్నాడట. “కుక్కని కూడా మీరు అనేస్తానేమోనని భయంగా ఉంది మిస్యే” అని ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం స్టాఫ్ రూములో చదివి అందరం నవ్వుకున్నాం.

తిరిగొచ్చిన రోజు రేవులో వాడి పెట్టె మీద ఇద్దరం కూర్చున్నాం. వాడికి నవ్వే ఉద్దేశం లేదు.

“సెలవుల్లో మమ్మల్ని విజయనగరం వైపు పల్లెలకి తీసుకెళ్ళారు మిస్యే” అన్నాడు. “మన పేర్లన్నీ అక్కడున్నాయి. అప్పన్నలూ, పైడమ్మలూ. అక్కడి ముసలివాళ్ళు అందర్నీ నువ్వనే అంటారు. ఒక ముసలమ్మ నన్ను ‘కూకో బాబూ’ అని పీట వేసింది. నేను మీరు, గారు అంటుంటే పక్కావిడతో ‘ఈ బాబు మనోడు కాదే’ అంది. ఆ పిల్ల మాట్లాడిందే వాళ్ళు మాట్లాడతారు. ఆమె వెళ్ళుంటే వాళ్ళింటి మనిషి అయిపోయేది.”

ఇంకోమాట కూడా అన్నాడు. “మీరు ఆమెకి చెప్పాలి మిస్యే.”

చెబుతాను అన్నాను.

చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని ఇన్నేళ్ళలో నన్ను నేను చాలాసార్లు అడిగాను. అప్పటికి సాకులు బోలెడు. పెళ్ళయిపోయింది, ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకున్నాను. కొత్త కోడలింటికి మగవాణ్ణి నేనెళ్ళి మాట్లాడితే బాగుండదు అనుకున్నాను. ఒక ఉత్తరం ముక్క రాయడానికి ఇవేవీ అడ్డం కావు. ఆమెకి తప్పని చెప్పింది తప్పు కాదని తేలితే, ముందు దొర దగ్గరికెళ్ళి మీరు రెండుసార్లు అడిగినా నేను చెప్పలేదని ఒప్పుకోవాలి. ఆ ముఖం నాకు లేదు. దొర రిటైరై ఇంగ్లండు వెళ్ళిపోయేదాకా అలా నెట్టుకొచ్చాను. తర్వాతి బ్యాచీలకి మాత్రం ‘మీరు’ పాఠం సగానికి తగ్గించాను, అదే పెద్ద ప్రాయశ్చిత్తమైనట్టు.

సుబ్రమణ్యం లాయరయ్యాడు. తెలుగు పాఠం ఒక్కరోజు కూడా చెప్పలేదు. వాణ్ణి అనను, వాడి తోవ వాడిది.

సోమవారం సంత

స్వాతంత్ర్యం వచ్చింది. స్కూళ్ళలో మన భాష చెప్పడానికి మనుషులు కావాలన్నారు. సర్టిఫికెట్లు లేకపోయినా సరే, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు దొరికితే చాలు, ట్రైనింగు మేమిస్తాం అన్నారు. జిల్లాలు తిరిగి అలాంటివాళ్ళని వెతికే పని నాకు ఇచ్చారు. నా మనసులో మొదట వచ్చిన పేరు ఒక్కటే. ఇన్నాళ్ళకి ఆమెకి ఇవ్వడానికి నా చేతిలో ఏదో ఉంది కాబట్టి, వెళ్ళడానికి ధైర్యం వచ్చింది. ఉత్త చేతులతో వెళ్ళి తప్పు ఒప్పుకునే ధైర్యం అప్పటికీ లేదు.

మహేబోర్గ్‌లో సోమవారం సంత. ఆకుకూరల వరసలో కనిపించింది. కాస్త ఒళ్ళు చేసింది. పక్కన ఐదేళ్ళ కూతురు కట్టలు అందిస్తోంది. నన్ను వెంటనే గుర్తుపట్టింది.

“బాగున్నావా పైడమ్మా?” అన్నాను.

“బ్యెన్, మిస్యే. ఏ ఊ?” అంది. బాగున్నాను, మీరు? అని. క్రియోల్‌లో పెద్దవాళ్ళకి వాడే మర్యాద మాట వాడింది.

నేను తెలుగులో అడుగుతున్నాను, ఆమె క్రియోల్‌లో జవాబిస్తోంది. ఉద్యోగం సంగతి చెప్పాను. పరీక్ష లేదు, నీ మాటే చాలు అన్నాను. తల అడ్డంగా ఊపింది. తెలుగు తన దగ్గర లేదంది. పిల్లకి కూడా నేర్పలేదంది.

“తప్పు మాటలు నేర్పి ఏం లాభం మిస్యే? రేపు ఎక్కడో ఎవరి ముందో అంటుంది.”

అప్పుడు చెప్పాను. ఆ సంతలో, బేరాలాడే జనం మధ్య నిలబడి, సుబ్రమణ్యం రేవులో చెప్పిందంతా చెప్పాను. నువ్వు మాట్లాడింది తప్పు కాదు, అక్కడ పల్లెల్లో పెద్దవాళ్ళు అలాగే మాట్లాడతారు, నాకు తెలిసీ నీకు తప్పని చెప్పాను, తప్పంతా నాది అన్నాను. ఆమె చేతిలో కట్ట కిందపెట్టి వింది.

తర్వాత నెమ్మదిగా, క్రియోల్‌లోనే, ఆ రోజు ఇంటికెళ్ళాక ఏం జరిగిందో చెప్పింది. అవ్వని ‘మీరు’ అని పిలిచిందట. అవ్వ మొహం అదోలా పెట్టి, నన్ను పరాయిదాన్ని చేసేశావా అని ఏడ్చిందట. ఇక పైడమ్మకి మీరు అనడానికి నోరు రాలేదు. నువ్వు అనబోతే నా మాట గుర్తొచ్చేది. ఎలా పిలవాలో తెలియక పిలవడం తగ్గించేసింది. ఒక్కోమాటా క్రియోల్‌లోకి మారిపోయింది.

“అవ్వకి క్రియోల్ రాదు. నాకు తెలుగు తప్పు. ఆఖర్న ఇద్దరం ఊరికే కూర్చునేవాళ్ళం” అంది.

అవ్వ పోయి ఎన్నేళ్ళయిందని అడిగాను. మూడేళ్ళంది.

అప్పుడామె అడిగింది. “సుబ్రమణ్యం మీకు ఇదంతా ఎప్పుడు చెప్పాడు?”

“వాడు ఓడ దిగిన రోజే. నీ పెళ్ళయిన మరుసటేడు.”

ఎవరో కూర బేరమాడుతున్నారు. ఆమె వాళ్ళని పట్టించుకోలేదు. నా మొహంలోకి చూసింది. ఏడేళ్ళ తర్వాత మొదటిసారి నాతో తెలుగులో మాట్లాడింది.

“అప్పటికి మా అవ్వ ఉంది మిస్యే.”